డ్రిల్లు మాస్టారి చేతికి అందిన నాడి



మీ పాఠశాల రోజుల్లో డ్రిల్లు మాస్టారి చేతిలో ఏమేమి ఉండేవో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక ఈల, ఒక బెత్తం, ఆటల పోటీల నాడు మాత్రం ఒక స్టాప్‌వాచ్. ఈ మూడింటిలో కొలిచే సాధనం ఒక్కటే. అది చెప్పేదీ ఒక్కటే: ఎవరు ఎంత త్వరగా వచ్చారన్నది. వెనకబడిన బిడ్డ గుండె ఎంత శ్రమించిందో చెప్పే సాధనం ఆ మైదానంలో లేదు. ఆ లోటు ఎలా తీరిందో తెలుసుకోవడం తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ మేలు చేస్తుంది.

నిజానికి ఈ కొలత మా వైద్యవృత్తిలోకి కూడా ఆలస్యంగానే వచ్చింది. నాడి పట్టి చూడడం ప్రాచీన విద్య. దానిని గడియారంతో లెక్కించే పద్ధతికి గట్టి పునాది వేసినవాడు ఇంగ్లండు వైద్యుడు సర్ జాన్ ఫ్లోయర్. సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారాన్ని ఆయన ప్రత్యేకంగా చేయించుకుని, 1707లో ఆ విషయమై గ్రంథం వెలువరించాడు.

వ్యాయామోపాధ్యాయుల చేతికి శాస్త్రీయమైన కొలతలు అందడం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఊపందుకుంది. 1968లో అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ పన్నెండు నిమిషాల పరుగు పరీక్షను ప్రకటించాడు. 1982లో కెనడా శాస్త్రజ్ఞుడు లూక్ లెజే ఇరవై మీటర్ల పరుగు పరీక్షను రూపొందించాడు. దీనికి కావలసినది ఒక టేప్ రికార్డరు, ఒక క్యాసెట్టు. గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై, నిమిషనిమిషానికీ అర కిలోమీటరు చొప్పున వేగం పెరిగేలా అందులో 'బీప్' శబ్దాలు వినిపిస్తాయి. ఒకే క్యాసెట్టుతో తరగతి మొత్తాన్నీ పరీక్షించవచ్చు. అయినా, ఇక్కడ కూడా కొలిచింది ఫలితాన్నే కాని శ్రమను కాదు.

శ్రమను కొలిచే దారి ఫిన్లాండులో తెరుచుకుంది. అక్కడి ఊలు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఆచార్యుడైన సెప్పో సైనాయకంగాస్ 1977లో పోలార్ సంస్థను స్థాపించాడు. ఛాతీ పట్టీ గుండె విద్యుత్ సంకేతాలను గ్రహించి, తీగ లేకుండానే చేతి గడియారానికి పంపే పరికరాన్ని ఆ సంస్థ 1982లో విడుదల చేసింది. అది మొదట క్రీడాకారుల కోసం వచ్చింది. తరువాత బడిలోకీ ప్రవేశించింది.

అమెరికాలోని నేపర్‌విల్ అనే ఊరిలో ఫిల్ లాలర్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఉండేవాడు. ఒకనాడు పదకొండేళ్ల బాలికకు ఈ పరికరం కట్టి పరుగెత్తించాడు. ఆమె ఆటల్లో చురుకైనది కాదు, పరుగులో నెమ్మది. తీరా చూస్తే ఆమె గుండె వేగం సగటున నిమిషానికి 187! 220 నుంచి వయస్సును తీసివేసే ఉజ్జాయింపు లెక్కన ఆమె గరిష్ఠ వేగం 209. అంటే ఆ బాలిక దాదాపు తన శక్తినంతా ధారపోసింది. గడియారం చూసి ఉంటే ఆమెకు దక్కేది మందలింపే. ఆ తరువాత లాలర్ పిల్లలకు వేగాన్ని బట్టి కాక, శ్రమను బట్టి మార్కులు వేయసాగాడు. మనోవైద్యుడు జాన్ రేటీ 2008లో ప్రచురించిన 'స్పార్క్' గ్రంథం ద్వారా ఈ ఉదంతం లోకానికి తెలిసింది.

ఈ సంఘటన చదివినప్పుడు నాకు నేను చేసిన సంతకాలు గుర్తుకు వచ్చాయి. "మా వాడు పరుగెత్తలేడు, అందరూ నవ్వుతున్నారు, డ్రిల్లు నుంచి మినహాయింపు పత్రం ఇవ్వండి డాక్టరుగారూ" అని తల్లులు వచ్చేవారు. రోగమేమీ లేకున్నా జాలిపడి ఇచ్చాను. వ్యాయామం అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లలనే నేను మైదానానికి దూరం చేశాను. నాకు కావలసింది కలం కాదు, ఆ బిడ్డ నాడిని పరుగు తరువాత చూసే ఓపిక.

మన దేశంలో 2019 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా మొబైల్ యాప్ వచ్చింది. 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక వంటి పరీక్షల ఫలితాలను ఉపాధ్యాయులు ఫోనులోనే నమోదు చేయవచ్చు. మంచిదే. అయితే అంకెలు నమోదు చేయడంతోనే పీరియడ్ ముగిసిపోతే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరికరం ఆ శ్రమకు తోడుగా ఉండాలి. బిడ్డ బరువూ మార్కులూ నలుగురిలో చదివి సిగ్గుపరచడానికి అది వాడుకోరాదు.

పరికరం లేని బడిలోనూ ఇది సాధ్యమే. పరుగు ఆగిన వెంటనే మణికట్టు వద్ద, బొటనవేలి వైపున, రెండు వేళ్లు ఉంచి 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించడం పిల్లలకు నేర్పండి. నిన్నటి తనతో నేటి తనను పోల్చుకోవడం వారికి అలవాటవుతుంది. ఒక హెచ్చరిక: ఆడుతూ స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆట ఆపించి, ఆలస్యం లేకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.

ఈసారి మీ బిడ్డ పరుగులో చివర వస్తే, "ఎన్నో స్థానం?" అని అడగకండి. చేయి పట్టుకుని నాడి చూడండి.