అభిప్రాయానికి ఎంత సాక్ష్యం కావాలి?

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర పటియాలా హౌస్ ఉంది. ఒకప్పుడు మహారాజు గారి బంగళా, ఇప్పుడు కోర్టులు. 2014 మే 21న అక్కడి మేజిస్ట్రేటు ముందు అరవింద్ కేజ్రీవాల్ పదివేల రూపాయల బెయిలు బాండు రాయనన్నారు. తీహార్ జైలుకు పంపారు. ఆరు రోజుల తర్వాత బాండు ఇచ్చి బయటికొచ్చారు. ఆయన చేసిందేమిటి? అవినీతి నాయకులంటూ ప్రకటించిన జాబితాలో నితిన్ గడ్కరీ పేరు చేర్చడం.

ఆయన పార్టీ మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. నా ప్రశ్న వేరు. "ఫలానా నాయకుడు అవినీతిపరుడు" అన్నది వాస్తవ కథనమా, అభిప్రాయమా?

మెకాలే సంఘం 1837లో తయారుచేసిన ముసాయిదా 1860లో భారత శిక్షాస్మృతి అయింది. ఇంగ్లండులో పరువు నష్టానికి క్రిమినల్ శిక్ష ముఖ్యంగా రాతకే. ఇక్కడ నోటిమాటకూ పెట్టారు. సెక్షన్ 499కి పది మినహాయింపులున్నాయి. మొదటిది, ప్రజాహితం కోసం చెప్పిన నిజం. అంటే ఉత్త నిజం చాలదు! రెండు, మూడు మినహాయింపుల ప్రకారం ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద, ప్రజాసమస్యల్లో ఎవరి నడవడి మీదైనా సదుద్దేశంతో ఏ అభిప్రాయమైనా చెప్పవచ్చు. వ్యక్తిత్వం గురించి కూడా, ఆ నడవడిలో కనిపించిన మేరకు.

ఆ కాలానికి ఇది ఉదారమే. చిక్కంతా "సదుద్దేశం" దగ్గర. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సదుద్దేశం కాదని సెక్షన్ 52 అంటుంది. మనస్ఫూర్తిగా నమ్మితే సరిపోదన్నమాట. హేతువాదిగా నాకీ నియమం నచ్చుతుంది. బాబాల మహిమల్ని నమ్మేవాళ్ళూ నిజాయితీగానే నమ్ముతారు కదా! నా అభ్యంతరమల్లా, మినహాయింపు తనకు వర్తిస్తుందని రుజువు చేసుకునే భారం నిందితుడి మీదే ఉండడం, అదీ ఏళ్ళ తరబడి వాయిదాలు తిరిగాక.

గడ్కరీ కేసులో అదీ జరగలేదు. 2018 మార్చిలో కేజ్రీవాల్ విచారం తెలుపుతూ లేఖ రాశారు. రుజువు సంగతి చూసుకోకుండా మాట్లాడానని అందులో తనే ఒప్పుకున్నారు. కేసు ముగిసింది. ఆరోపణలో పస ఉందో లేదో కోర్టు తేల్చనేలేదు.

ఈ మధ్యలో, 2016 మే 13న సుప్రీంకోర్టు సెక్షన్ 499 రాజ్యాంగబద్ధమేనంది. దాన్ని సవాలు చేసినవారు సుబ్రమణ్యస్వామి, రాహుల్ గాంధీ, కేజ్రీవాల్. ఈ ముగ్గురూ ఒక పక్షాన నిలబడడం అరుదైన దృశ్యమే! ఇంగ్లండు ఈ నేరాన్ని 2010లో ఎత్తేసింది. మనం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356గా ఉంచుకున్నాం.

చివరిదాకా పోరాడినవారూ ఉన్నారు. ఎం.జె.అక్బర్ 2018 అక్టోబరులో పెట్టిన కేసులో ప్రియా రమణి తాను చెప్పింది నిజమని, ప్రజాహితం కోసమని వాదించారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. అక్బర్ అప్పీలుకు వెళ్ళారు.