కూడు, కూళు, గ్లాసెడు అంబలి



పోయిన ఆదివారం సమావేశంలో వేసవి సెలవుల్లో పిల్లల చదువు శిబిరానికి పొద్దుటి టిఫిను సంగతి మాట్లాడుకున్నాం కదా. కొందరు బ్రెడ్డు, బిస్కెట్ పొట్లాలు అన్నారు. కొందరు ఉప్మా అన్నారు. మేము చోడి అంబలి, ఉలవ గుగ్గిళ్లు పెడదామన్నాం. ఒక పెద్దాయన నవ్వి, "తెలుగు సంఘం వాళ్లు పిల్లల్ని పిలిచి అంబలి పోశారని బంధుగాం అంతా చెప్పుకుంటారండీ" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు. అంబలి పోయడం ఎప్పటి నుంచి పరువు తక్కువ పని అయింది? వచ్చే ఆదివారం తీర్మానం చేసే ముందు మీరందరూ చదువుతారని ఈ పోస్టు రాస్తున్నాం. కాస్త పొడుగే. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఒక్క మాట పుట్టుక చెప్తాం. తమిళంలో ఏళు అంటే మనకు ఏడు. కోళి అంటే కోడి. అక్కడ నాలుక మడిచి పలికే ఆ ళకారం మన దగ్గర డకారం అయింది. అదే వరసలో తమిళ కూళు మన కూడు. తమిళంలో కూళు అంటే జావ, అంబలి. మనకు కూడు అంటే మొత్తం తిండే. కూటి కోసం కోటి విద్యలు అంటాం కదా, ఆ కూడుకూ అరవం వాళ్ల అంబలికీ మూలం ఒకటే. మన పూర్వీకులకు తిండి అన్నా జావ అన్నా చాలా కాలం ఒకే మాట సరిపోయిందన్నమాట. తెల్లన్నం పండక్కీ చుట్టాలకీ. రోజువారీ కడుపుకు జావే.

మా నాన్నగారిది రైల్వేలో చిన్న ఉద్యోగం, తమిళ దేశంలో ఒక జంక్షన్లో. అమ్మది పార్వతీపురం వైపు. జీతం ఇరవయ్యో తారీకు దాకా వచ్చేది. ఆ తరువాత పది రోజులు మా ఇంట్లో పొద్దున చోడి అంబలే. అమ్మ ముందు రోజు పిండి నీళ్లలో కలిపి ఉంచేది. తెల్లారేసరికి పులిసేది. నూకలు ఉడుకుతుండగా ఆ పిండినీళ్లు పోసి గరిటెతో కలియబెట్టేది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. పక్కన ఉలవ గుగ్గిళ్లో, మునగాకు వేపుడో. ఇది తాగి బడికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు. మధ్యాహ్నం బడిలో భోజనం. 1956లో కామరాజ్ ముఖ్యమంత్రిగా మొదలుపెట్టిన పథకం అది. మా రోజుల్లో కేర్ సంస్థ పంపిన గోధుమ రవ్వతో ఉప్మా పెట్టేవారు. మేము ఆ ఉప్మా అందరి ముందూ తినేవాళ్లం. ఇంట్లో తాగిన అంబలి సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. అమెరికా నుంచి వచ్చిన రవ్వ తినడానికి సిగ్గు లేదు, అమ్మ చేతి చోడికి సిగ్గు! అప్పుడు మా వయసు తొమ్మిదేళ్లు. ఆ వయసుకే ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చి చేరిందో చూడండి.

చోడి అంటే తక్కిన తెలుగువాళ్లకు రాగి, తెలంగాణలో తైద, ఇక్కడ ఒడియాలో మండియా. ఇది మొదట ఆఫ్రికా తూర్పు కొండల్లో పుట్టి, వేల ఏళ్ల కింద మన దేశానికి వచ్చింది. వచ్చి కొండల్లో కుదురుకుంది. తక్కువ నీళ్లతో, నిస్సారమైన నేలలో పండుతుంది. అన్నిటికంటే పెద్ద గుణం, ఏళ్ల తరబడి నిలవ ఉన్నా పురుగు పట్టదు. పదహారో శతాబ్దంలో కన్నడ కవి కనకదాసు రామధాన్య చరితె అని ఒక కావ్యం రాశారు. అందులో బియ్యానికీ రాగికీ ఎవరు గొప్ప అని తగువు వస్తుంది. రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. ఆరు నెలల తరువాత చూస్తే బియ్యం చెడిపోయింది, రాగి చెక్కుచెదరలేదు. తీర్పు రాగి వైపు. చోడిని చిన్నచూపు చూడడం నిన్నా మొన్నా మొదలైంది కాదని ఆ కావ్యమే చెప్తోంది. గొప్పవాళ్ల ధాన్యం, పేదవాళ్ల ధాన్యం అన్న తేడా అప్పటికే ఉంది.

ఇక మన కొండల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కొరాపుట్ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రాయగడ 1992 దాకా కొరాపుట్ జిల్లాలోనే ఉంది. అందుకని మద్రాసు ప్రభుత్వం తిండి విషయంలో చేసిన ఆలోచనలు మన చరిత్రలో భాగమే. వాటిలో ఒకటి తప్పక చెప్పుకోవాలి.

1876-78 కరువు. తెలుగులో ధాత కరువు అన్నారు, తమిళంలో దాదు వరుష పంజం అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. కరువు పనుల్లో కూలీలకు ఎంత ఇవ్వాలన్నది ప్రశ్న. వైస్రాయి లిట్టన్ 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపించాడు. ఖర్చు తగ్గించమన్నది ఆజ్ఞ. ఆయన మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని లెక్క వేశాడు. పౌను అంటే 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దానికి అడ్డం తిరిగాడు. ధాన్యం కనీసం పౌనున్నర ఉండాలి, దానితో పప్పు, కూరగాయ కూడా ఉండాలి, ఒట్టి ధాన్యంతో కష్టం చేసే ఒళ్లు నిలవదు అని వాదించాడు. కాగితాల మీద పెద్ద యుద్ధమే నడిచింది. కొన్ని నెలల తరువాత కూలి పెంచారు. ఈలోగా శిబిరాల్లో ఎంతమంది పోయారో.

మేము గుమస్తాగా ఎన్నో ఏళ్లు బరువు చూసి రసీదు రాశాం. కనుక టెంపుల్ దొర ఆలోచన మాకు బాగా అర్థమవుతుంది. తూకం వేయడం తేలిక. బస్తాలో ఎన్ని కిలోలో రాయవచ్చు, ఆ కిలోలో ఎముకకు ఏముంది, నెత్తురుకు ఏముంది అని రాయడానికి ఫారంలో గడి ఉండదు. కార్నిష్ ఆ గడి గీయమన్నాడు.

ఆ గడి గీసే పని తరువాత కూనూరులో మొదలైంది. 1918లో అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న పరిశోధనశాల పెట్టాడు. దేశంలో రకరకాల ప్రాంతాల తిండి ఎలుకలకు పెట్టి చూశాడు. ఉత్తరాది గోధుమ రొట్టె, పాలు, పప్పు తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. మద్రాసు వాళ్ల తెల్లన్నం తిండి పెట్టిన ఎలుకలు అన్నిటికంటే వెనకబడ్డాయి. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ వారి పాత పట్టికలో 100 గ్రాముల చోడిలో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మర పట్టిన బియ్యంలో 10. మాంసకృత్తులు చోడిలో 7.3 గ్రాములు, బియ్యంలో 6.8. ఈ రెండూ ఇంచుమించు ఒకటే. ఉలవల్లో మాత్రం 22 గ్రాములు. అంటే చోడి ఒక్కటే తింటే సరిపోదు, పక్కన ఉలవలో కందులో ఉండాలి. మా అమ్మ ఈ పట్టిక చూడలేదు. ఈ కొండల్లో పోడు చేసే కోదులు, జాతాపులు చూడలేదు. అయినా ఒకే చెక్కలో చోడి, సామ, కంది, ఉలవ కలిపి చల్లుతారు. చేనులో పక్కపక్కన పండేవి కంచంలోనూ పక్కపక్కనే ఉంటాయి.

మరి ఇంత మంచి కూడు ఎలా వెనకబడింది? 1983లో ఎన్టీ రామారావు గారు ఆంధ్రలో కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చారు. ఒడిశాలో 2008లో 2 రూపాయలు, 2013లో 1 రూపాయి అయింది. 2023 జనవరి నుంచి కేంద్రం ఉచితంగానే ఇస్తోంది. బియ్యం మీద మాకు కోపం లేదు. 1955-59 మధ్య సర్వే చేసినవారు ఈ జయపురం ప్రాంతంలోనే 1,745 రకాల వరి సేకరించారు. వరికి ఇది పుట్టిల్లులాంటి నేల. రేషన్ బియ్యం ఎన్నో కడుపులు నింపింది, ఎన్నో ప్రాణాలు కాపాడింది, దాన్ని తక్కువ చేస్తే కళ్లు పోతాయి. కానీ చవకగా వచ్చే ధాన్యం ఒక్కటే అయినప్పుడు, చోడి దంచి, విసిరి, పులియబెట్టే కష్టం ఎవరు పడతారు? చోడి చేను తగ్గింది, పక్కన చల్లే ఉలవా కందీ తగ్గాయి. కంచం తెల్లబడింది.

2001 వానాకాలం మాకు మరిచిపోయేది కాదు. అప్పుడు మేము రాయగడ గూడ్సు షెడ్డులో ఉన్నాం. కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల జావ తాగి మనుషులు చనిపోయారని వార్త. ఆకలి చావులు కావు, టెంకలో విషం అని ప్రభుత్వం అంది. బూజు పట్టిన టెంక తినాల్సి రావడమే ఆకలి కాదా అని తక్కినవారు అడిగారు. ఆ ఏడాది దేశం గోదాముల్లో దాదాపు 6 కోట్ల టన్నుల ధాన్యం ఉంది. మా చేతి మీదుగా రోజూ బియ్యం బస్తాలు దిగుతున్నాయి. ఆ రాత్రులు మాకు అన్నం సహించలేదు.

టెంక తిండి మన వైపు కొత్త కాదు. టెంక పండగే ఉంది. లోపలి జీడి తీసి, పారే నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, చేదు పోయాక ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాస్తారు. పక్కన వేరే తిండి ఉన్నప్పుడు అది ఒక రుచి. వేరే ఏమీ లేనప్పుడు, తడిసిన టెంకే దిక్కయినప్పుడు, అదే మృత్యువు. అందుకని పేదవాడి తిండి అంతా అమృతం అని మేము అనం. లేక తినడం వేరు, తెలిసి తినడం వేరు. ఆ ఏడాదే నవంబర్ 28న బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మా బాల్యంలో తమిళ పిల్లలకు దొరికిన మధ్యాహ్నం ముద్ద దేశమంతా దొరకడానికి అన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు చక్రం మళ్లీ తిరుగుతోంది. 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కొరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. మొదటి విడత 7 జిల్లాల్లో కొరాపుట్, రాయగడ ఉన్నాయి. చోడి కొని, రేషన్ షాపుల్లో ఇచ్చారు, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేశారు. 2018-19లో క్వింటాలు చోడికి మద్దతు ధర 2,897 రూపాయలు, 2024-25లో 4,290. అదే ఏడాది వరికి 2,300. పట్నాల్లో ఇప్పుడు రాగి జావ షుగరు ఉన్నవాళ్ల ఫ్యాషన్. మనం సిగ్గుపడి వదిలినది వాళ్లు డబ్బాలో కొనుక్కుంటున్నారు.

మన శిబిరం లెక్క చూద్దాం. పిల్లవాడికి 50 గ్రాముల చోడి పిండి, గుప్పెడు నూకలు, 30 గ్రాముల ఉలవలు. 2024-25 మద్దతు ధర ప్రకారం చోడి ఖర్చు 2 రూపాయల 15 పైసలు. సంత ధర, మర కూలి కలిపితే ఇంకొంచెం అవుతుంది. ఆ 50 గ్రాముల్లో కాల్షియం 172 మిల్లీగ్రాములు. చోడి, ఉలవలు కలిపి మాంసకృత్తులు 10 గ్రాముల పైన. పిల్లల కడుపు మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. బిస్కెట్ పొట్లం గంట కూడా నిలవదు. ఇంకో సంగతి, ఆ రెండు రూపాయలు బంధుగాం సంతలో చోడి తెచ్చి అమ్మే మన కొండ అక్కల చేతికే పోతాయి.

ఇక పరువు సంగతి. శిబిరానికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఇప్పటికీ పొద్దున అంబలే తాగుతారు. వాళ్ల ముందు మనం బ్రెడ్డు పెడితే, మీ ఇంట్లో తాగేది తక్కువ రకం అని మాట ఆడకుండానే చెప్పినట్టే. మేము తొమ్మిదేళ్లప్పుడు మోసిన సిగ్గు వాళ్ల నెత్తిన పెట్టినట్టే. అలా కాకుండా అదే అంబలి సంఘం పెద్దలు వాళ్లతో కూర్చుని తాగితే, ఆ పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మతో ఏం చెప్తారో ఊహించండి.

ఇదీ మా మనవి. వచ్చే ఆదివారం మొదటి గ్లాసు నవ్విన ఆ పెద్దాయన చేతికే ఇస్తాం, ఆయనకు మజ్జిగ ఎక్కువ వేస్తాం. పిండి శనివారం రాత్రే మా ఇంట్లో కలుపుతాం. ఉలవలు నానబెట్టే పని ఎవరు తీసుకుంటారో కింద రాయండి. మీ ఇళ్లలో అంబలి ఏ పద్ధతిలో కాచేవారో, పక్కన ఏం నంజుకునేవారో కూడా రాయండి. అది కూడా మన చరిత్రే.