సేవా క్లబ్బులు (పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం)

వృత్తి, వ్యాపారాల్లో ఉన్నవాళ్లు చందా కట్టి సభ్యులుగా చేరి, ఏటా కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుని, జీతం పుచ్చుకోకుండా ఊరికి పనికొచ్చే పనులు చేసే సంఘాన్ని సేవా క్లబ్బు అంటారు. నందిగామ, జగ్గయ్యపేట వైపు ఈ మాట వినగానే గుర్తొచ్చేవి లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బులు. కంచికచర్ల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న చెవిటికల్లు లాంటి పల్లెలకు ఇలాంటి సేవ సాధారణంగా మండల కేంద్రం నుంచో నందిగామ నుంచో వస్తుంది. మైకు కట్టిన ఆటో ముందు వస్తుంది, డాక్టరు తర్వాత వస్తాడు.

క్లబ్బుల చరిత్రను చికాగోతో మొదలుపెట్టడం రివాజు. ఈ సీమలో దానధర్మాలు అంతకన్నా చాలా పాతవి. బేతవోలు దగ్గర తండ్రి పేరిట జగ్గయ్యపేటను నిలిపిన జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు (1761–1816) దానాల గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. సత్రం, చెరువు, చలివేంద్రం అన్నీ దాత పేరు మీదే నడిచేవి. దాత కన్నుమూశాక వారసులకు ఓపిక లేకపోతే సత్రం గోడల్లో రావి మొక్కలు మొలిచేవి. ఒక్క దాత మీద ఆధారపడని పద్ధతి తర్వాత వచ్చింది: 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అణా, బేడా చందాలు, కార్యదర్శి, లెక్కల పుస్తకం, వార్షిక సమావేశం అనే పద్ధతి తెలుగు పల్లెల్లోకి వెళ్లడంలో గ్రంథాలయోద్యమం వాటా పెద్దది. తర్వాత వచ్చిన క్లబ్బులకు ఆ అలవాటు కలిసొచ్చింది.

చికాగో కథ క్లుప్తంగా ఇదీ. న్యాయవాది పాల్ హారిస్ 1905లో రోటరీని, బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ 1917లో లయన్స్‌ను అక్కడే ప్రారంభించారు. సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా సమావేశాలు జరగడం వల్ల మొదటిదానికి రోటరీ అన్న పేరు వచ్చింది. మన దేశంలో రోటరీ 1920లో కలకత్తాలో, లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టాయి. 1961లో కల్వకుంట్ల చంద్రసేన గుప్తా హైదరాబాదులో స్థాపించిన వాసవి క్లబ్బు మాత్రం మన గడ్డ మీదే పుట్టింది. ఆర్యవైశ్య వర్తకులు ఉన్న పేటలన్నిటికీ అది పాకింది. లయన్స్‌లో మహిళలకు సభ్యత్వం 1987లో గాని రాలేదు. అంతవరకు చాలాచోట్ల భార్యలు భోజనాల ఏర్పాట్లకే పరిమితం. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు రావడంతో కంచికచర్ల లాంటి ఊళ్లు ఆఫీసులు, బ్యాంకులు ఉన్న కేంద్రాలయ్యాయి. డాక్టరు, ప్లీడరు, మేనేజరు, ఎరువుల వ్యాపారి ఒకే బజారులో ఉంటే క్లబ్బు పెట్టుకోవడం తేలికైంది.

ఈ క్లబ్బులు చేసిన పనులన్నిటిలోకీ కంటి శిబిరాన్నే ముందు చెప్పాలి. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభలో మాట్లాడుతూ అంధుల పక్షాన నిలబడమని కోరారు. అప్పటినుంచి కన్ను వాళ్ల ప్రధాన కార్యక్రమం అయింది. మన దగ్గర శిబిరాలకు ఊపు తెచ్చినవారిలో కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఒకరు. 1968లో తిరుపతిలో ఆయన ఒక్కరోజే 833 శుక్లాల ఆపరేషన్లు చేశారు. ఆ కాలపు శిబిరానికి హైస్కూలే ఆసుపత్రి. బెంచీలు కలిపితే మంచం, బ్లాక్‌బోర్డు ఉన్న గది ఆపరేషన్ థియేటర్. మసకబారిన కటకాన్ని మొత్తంగా తీసేసేవారు, లోపల కొత్తది అమర్చే పద్ధతి అప్పటికి పల్లెకు రాలేదు. రోగి కట్టుతో తల కదపకుండా రోజుల తరబడి పడుకోవాలి. ఆ తర్వాత జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలే. అవి పగిలితే చూపు మళ్లీ పోయినట్టే. చలికాలంలో అయితేనే కన్ను చీము పట్టదని జనం నమ్మేవారు, అందుకే శిబిరాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే పెట్టేవారు.

చీము భయం ఉత్తదేమీ కాదు. బడి గదుల్లో, షామియానాల కింద చేసే ఆపరేషన్లు క్రమంగా ఆగిపోవడానికి అదే కారణం. 1994 నుంచి 2002 దాకా ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో శుక్లాల అంధత్వ నివారణ పథకం నడిచింది. ఊళ్లో పరీక్ష చేసి, ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, కృత్రిమ కటకం అమర్చి పంపే పద్ధతి ఆ ఏళ్లలో స్థిరపడింది. క్లబ్బు పని అప్పటినుంచి మారిపోయింది. పేర్లు రాయాలి, బస్సు మాట్లాడాలి, టిఫిన్ పెట్టాలి, తిరిగి ఇంటి దగ్గర దింపాలి, చుక్కల మందు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవాలి. వీటన్నిటికంటే కష్టం, "ఈ వయసులో నాకెందుకయ్యా చూపు" అనే మామ్మను బస్సెక్కించడం. ఆ పని క్లబ్బులపై పెద్దగా ఉండే జిల్లా గవర్నరు చేయలేడు. ఆమె కోడలికి తెలిసిన స్థానిక సభ్యుడే చేయాలి.

రోటరీ పోలియో మీద పట్టు పట్టింది. 1985లో మొదలైన ఆ ప్రపంచవ్యాప్త కార్యక్రమంలో చుక్కల మందు ఆదివారాలప్పుడు బూత్‌ల దగ్గర కూర్చున్న సభ్యులు మన ఊళ్లలోనూ ఉన్నారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న భారత్‌కు పోలియో విముక్త ధ్రువీకరణ దక్కింది.

ఏటి ఒడ్డు పల్లెలకు వరద ఇంకో పరీక్ష. 2021 ఆగస్టులో కృష్ణకు హఠాత్తుగా నీరు రావడంతో చెవిటికల్లు ఇసుక రేవులో వందకు పైగా లారీలు చిక్కుకున్నాయి. డ్రైవర్లను, క్లీనర్లను పడవల మీద ఒడ్డుకు చేర్చారు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ జాతీయ రహదారినే మింగేసింది. ఇలాంటప్పుడు మొదటి గంటలు పడవవాళ్లవి, పోలీసులవి, ఫైర్ సిబ్బందివి. పులిహోర పొట్లాలు, దుప్పట్లు, బ్లీచింగ్ పౌడరు తర్వాతి రోజుల అవసరం. క్లబ్బులు ఆదుకోగలిగేది అక్కడే.

తప్పులూ ఉన్నాయి. లయన్స్, రోటరీలకు కొత్త ఏడాది జులై 1న మొదలవుతుంది. కొత్త అధ్యక్షుడితో కొత్త పథకం వస్తుంది, పాత అధ్యక్షుడు నాటిన మొక్కకు నీళ్లు పోసేవాడుండడు. మార్చిలో ఫ్లెక్సీ కట్టి తెరిచిన చలివేంద్రంలో మే నెలకు కుండ ఎండిపోతుంది. పది నోటు పుస్తకాలిచ్చిన చోట పదిహేనుమంది ఫొటోలో నిలబడతారు. జనం దగ్గర వసూలు చేసిన సొమ్మును సేవకే వాడాలని, సభ్యుల విందులు, సమావేశాల ఖర్చు వాళ్ల చందాల నుంచే పెట్టుకోవాలని లయన్స్ నియమం. ఈ నియమం గట్టిగా పాటించే క్లబ్బుకే ఊళ్లో మాట చెల్లుతుంది. ఆసుపత్రితోనో బడితోనో ఏళ్ల తరబడి కట్టుబడి ఉన్న పనులే నిలిచాయి.

ప్రస్తుతం పల్లె దాకా రావలసిన పని నేత్రదానం. మరణించిన ఆరు గంటల్లోపు కార్నియాలు సేకరించాలి. కళ్లద్దాలు వాడినవారూ, శుక్లాల ఆపరేషన్ అయినవారూ, ఎంత వయసువారైనా ఇవ్వవచ్చు. ఇంట్లోవాళ్లు చేయవలసింది కొంచెమే: నేత్రనిధికి ఫోను చేసి, ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడిపిన దూది ఉంచి, తల కింద దిండు పెట్టాలి.