అనంతపురం పీఠభూమిలో ధనియాలు, వాము, వాటి సుగంధ తైలాలు

ధనియాలు, వాము రాయలసీమ నల్లరేగడి నేలల్లో వానాధారంగా పండే సుగంధ గింజలు. జీలకర్ర, సోపు వీటికి దాయాదులు; నాలుగూ ఏపియేసీ కుటుంబపు మొక్కలే. గింజ పొరలో సన్నని నాళాలుంటాయి. వాటిలో దాగిన, ఇట్టే ఆవిరైపోయే నూనె వల్లే వీటికి ఆ ఘాటు, ఆ పరిమళం. అనంతపురం ప్రాంతంలో గింజ పండించడం పాత పనే. గింజ నుంచి తైలం తీసే పని మాత్రం ఎక్కువగా వేరేచోట్ల ఎదిగింది.

నేల, వాన

పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలకు అడ్డు నిలుస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి చిక్కిపోతాయి. అందుకే ఇక్కడ ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే. ఎర్రనేలల్లో వేరుశనగదే రాజ్యం. తాడిపత్రి, యాడికి, ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి ఉంది. ఆ నేల తాగిన నీటిని చాలా రోజులు వదలదు. అక్టోబరు, నవంబరులో ధనియాలు విత్తితే ఆ తేమతోనే సుమారు మూడు నెలల్లో పంట చేతికొస్తుంది. ధనియం ఒక్క గింజలా కనిపించినా నిజానికి రెండు బద్దలు. అందుకే విత్తేముందు నలిపి విడదీస్తారు. వాము దీనికంటే ఎక్కువకాలం పొలంలో నిలిచే పంట. దాని సాగూ, అమ్మకమూ కర్నూలు వైపు ఎక్కువ.

మిరియాల కథ వేరు. అవి ఈ మెట్టలో పండవు. 16వ శతాబ్దం తొలినాళ్లలో పోర్చుగీసు యాత్రికుడు బార్బోసా విజయనగర రాజ్యంలో మిరియాల వాడకం చాలా ఎక్కువని, వాటిని మలబారు నుంచి గాడిదల మీద, పెరికె ఎద్దుల మీద తెచ్చేవారని రాశాడు. ఈ ప్రాంతంలోని పెనుకొండ అప్పుడు ఆ రాజ్యపు ముఖ్య దుర్గాల్లో ఒకటి. ఖరీదైన సుగంధ ద్రవ్యాలు కనుమలు దాటి వచ్చాయి. ధనియాలు ఇంటి పొలంలోనే మొలిచాయి. అయితే ధనియాల పుట్టిల్లు కూడా ఇది కాదు. మధ్యధరా తీరం, పశ్చిమాసియా వైపు నుంచి వచ్చి చాలా పూర్వమే ఇక్కడ స్థిరపడ్డ మొక్క అది. పాణిని వ్యాకరణంలోనే దాని పేరు కుస్తుంబురు అని కనిపిస్తుంది. కన్నడవారి కొత్తంబరి, మన కొత్తిమీర ఆ మాటను గుర్తుచేసే పేర్లే.

గానుగ నూనె, ఆవిరి నూనె

అనంతపురం జిల్లాకు నూనె అంటే వేరుశనగ నూనె. గింజను గానుగలో ఒత్తితే దిగుతుంది, గిన్నెలో పోసి మూతపెట్టకున్నా తరగదు. సుగంధ తైలం అలాంటిది కాదు. నలగ్గొట్టిన గింజల్లోకి ఆవిరి పంపాలి. ఆ ఆవిరి వాసనను మోసుకొని గొట్టంలోకి వెళ్తుంది, అక్కడ చల్లబడి నీరవుతుంది, తైలం ఆ నీటిపైన తేలుతుంది. గొట్టాన్ని చల్లగా ఉంచడానికి నీరు ఆగకుండా పారుతూ ఉండాలి. బట్టీకి కట్టెలు, గొట్టానికి నీళ్లు: బోర్లు ఎండే చోట ఈ రెండూ తేలిక కాదు. తైలం ఇక్కడ కుటీర పరిశ్రమగా పెరగకపోవడానికి ఇదొక గట్టి కారణమని చెప్పాలి.

రెండో కారణం గింజలోనే ఉంది. మన లావు రకం ధనియాల్లో తైలం సాధారణంగా 0.1 నుంచి 0.4 శాతమే. అంటే క్వింటాలు గింజలకు 100 నుంచి 400 గ్రాములు. రష్యా, తూర్పు ఐరోపాల్లో పండే చిన్న గింజలో ఇది ఒక శాతం దాటుతుంది, అందుకే ధనియాల తైలం పరిశ్రమ అటువైపు పాతుకుంది. ఆ తైలంలో 60–70 శాతం లినలూల్. తీపి కలిసిన పూల వాసన దానిదే. పచ్చి మొక్కను నలిపితే వచ్చే ఘాటు మాత్రం ఆల్డిహైడ్లది. కాయ పండేకొద్దీ అవి తగ్గి లినలూల్ పెరుగుతుంది.

వాము లెక్క ఇందుకు పూర్తిగా భిన్నం. క్వింటాలుకు రెండు నుంచి నాలుగు కిలోల తైలం వస్తుంది. అందులో మూడో వంతు నుంచి సగం దాకా, ఒక్కోసారి అంతకు మించి థైమాల్ అనే పదార్థమే. ఉగ్గానితో తినే మిరపకాయ బజ్జీలో వాము నమిలినప్పుడు నాలుకను చురుక్కుమనిపించేది అదే. బాలింతకు పెట్టే వాము పొడిలో, అజీర్తికి తాగే వాము నీళ్లలో పనిచేసేదీ అదే.

థైమాల్, యుద్ధం

1719లో జర్మన్ రసాయనవేత్త కాస్పర్ నాయ్‌మన్ థైమ్ అనే మొక్క నుంచి ఈ పదార్థాన్ని స్ఫటికాలుగా రాబట్టాడు. 1853లో మరో రసాయనవేత్త లాలెమాండ్ దానికి థైమాల్ అని పేరుపెట్టాడు. అదే పదార్థం మన వాములో పుష్కలంగా ఉందని తర్వాత తేలింది. సూక్ష్మజీవులను చంపే మందుగా, కొంకిపురుగులను పోగొట్టే మందుగా గిరాకీ పెరిగాక భారతదేశం నుంచి వాము గింజలు ఓడలెక్కి ఎక్కువగా జర్మనీకి వెళ్లేవి. పండించినవారికి గింజ ధర దక్కితే, మందు ధర అటు దక్కింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, థైమాల్ ధర ఎన్నో రెట్లైంది. దాంతో మనదేశంలోనే బట్టీలు పెట్టే ఆలోచన బలపడింది. అనంతపురానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఈ విద్యకు కేంద్రమైంది. అక్కడి శాస్త్రవేత్తలు సడ్‌బరో, వాట్సన్‌ల కృషితోనే 1916లో మైసూరు సంస్థానం గంధపు నూనె తీయించడం మొదలుపెట్టింది. అంతవరకు గంధపు చెక్కదీ జర్మనీ దారే.

తర్వాత క్రెసాల్ నుంచి థైమాల్‌ను కర్మాగారంలోనే తయారుచేయడం వచ్చింది. వాము తిరిగి వంటింటికే పరిమితమైంది. ఔషధ విపణిలో ఒక మెట్టపంటకు దక్కిన చోటు అంత తక్కువ కాలంలో చేజారడం బాధ కలిగించే విషయం.

పరిశోధన, సాగు మార్పులు

అనంతపురంలోనే నూనెల మీద పనిచేసే సంస్థ ఉంది: జేఎన్‌టీయూ ఆధ్వర్యంలోని ఆయిల్ టెక్నలాజికల్ అండ్ ఫార్మాస్యూటికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. ధనియాల, వాము వంగడాల పని మాత్రం గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రంలో జరిగింది. సింధు, సాధన, స్వాతి ధనియాల రకాలు అక్కడివే. తైలం శాతం కన్నా దిగుబడికి, వర్షాభావాన్ని తట్టుకోవడానికే అక్కడ పెద్దపీట.

1999లో విడుదలైన జేజీ-11 శనగ నల్లరేగడి రూపాన్నే మార్చేసింది. తక్కువ కాలంలో కోతకు వచ్చే ఆ శనగ ధనియాలు, పొద్దుతిరుగుడు, జొన్న నిలిచిన పొలాల్ని చాలావరకు తీసుకుంది. అయినా ధనియాలు పొలం వదిలి పూర్తిగా పోలేదు. శనగలో అంతర పంటగా వేస్తే వాటి తెల్లని పూల తేనె కోసం చిన్న కందిరీగలు వస్తాయి. అవి పిల్లదశలో ఉన్న శనగపచ్చ పురుగు ఒంట్లో గుడ్లు పెడతాయి; లోపల పొదిగిన పిల్లలు ఆ పురుగును తినేస్తాయి.