జువెంటస్‌లో ఒక వడ్రంగి

ఇటలీలో మిలాన్‌కు ఉత్తరాన ఉన్న బ్రియాంజా ప్రాంతం ఫర్నిచర్‌కు పెట్టింది పేరు. 1992 వరకు మొరెనో టొరిచెల్లి బతుకు అక్కడే, అలాంటి ఒక కార్ఖానాలోనే గడిచింది. పగలంతా చెక్కపని. పని దిగాక ప్రాక్టీసు, ఆదివారం మ్యాచ్. ఆడేది కరాతెజే అనే చిన్న ఫుట్‌బాల్ జట్టుకు, అదీ దేశంలో ఐదో అంచె లీగ్‌లో. బంతి సరదా తీర్చేది, కడుపు నింపేది మాత్రం రంపమే.

ఆ ఏడాది ట్యూరిన్ క్లబ్ జువెంటస్ అతన్ని కొన్ని స్నేహపూర్వక మ్యాచ్‌లలో ఆడించి చూసింది. కోచ్ జొవాన్ని ట్రపట్టోని కంటికి ఆ కుర్రాడు నచ్చాడు. మధ్యలోని మూడు అంచెలనూ తొక్కకుండానే 22 ఏళ్ల వడ్రంగి సెప్టెంబరుకల్లా అగ్రశ్రేణి లీగ్ సిరీ-ఎలో బరిలోకి దిగాడు. నిన్నటిదాకా ఆదివారాలు టీవీలో చూసిన రొబెర్తో బాజ్జో పక్కనే ఇప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోవాలి. 1994 ప్రపంచకప్ ఫైనల్లో పెనాల్టీని గోల్‌పోస్టు మీదుగా కొట్టిన బాజ్జో మనవాళ్లకూ గుర్తే. కొత్తగా వచ్చిన వడ్రంగికి 'జెప్పెట్టో' అని పేరు పెట్టింది అతనే. కొయ్యబొమ్మ పినోకియోను చెక్కిన ముసలి వడ్రంగి పేరది. ఆ పేరు టొరిచెల్లికి నిలిచిపోయింది.

అతను గోల్స్ కొట్టే ఆటగాడు కాదు. కుడివైపు రక్షణలో నిలబడి, ఎదుటి వింగర్‌ను వదలకుండా వెంటాడేవాడు. బంతి దొరికితే గీత వెంబడి పైకి పరుగెత్తి, మళ్లీ అంతే వేగంగా వెనక్కి వచ్చేవాడు. ఇలాంటివాళ్ల పేర్లు హెడ్‌లైన్లకు ఎక్కడం అరుదు. అయినా మొదటి సీజన్‌లోనే యుయెఫా కప్, తర్వాత మూడు లీగ్ టైటిళ్లు అతని ఖాతాలో పడ్డాయి. 1996 మే 22న రోమ్‌లో అయాక్స్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. రావనెల్లి గోల్‌తో జువెంటస్ ముందుకెళ్లింది, లిట్మనెన్ స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలోనూ 1-1 మారలేదు. ఆ 120 నిమిషాలూ టొరిచెల్లి మైదానంలోనే ఉన్నాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ పెరూత్సీ రెండు కిక్‌లు ఆపాడు. చివరి కిక్‌ను యుగోవిచ్ వలలో వేయడంతో 4-2తో కప్పు ట్యూరిన్‌కు చేరింది. నాలుగేళ్ల కిందట కార్ఖానాలో షిఫ్టు చేసిన మనిషి యూరప్ విజేత అయ్యాడు. ఆ నవంబరులో టోక్యోలో రివర్ ప్లేట్‌ను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ కూడా గెలిచారు. దేశం తరఫున పది మ్యాచ్‌లు ఆడాడు, 1998 ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు.

1998లో ఫ్లోరెన్స్ క్లబ్ ఫియరెంటినాకు మారాడు. అక్కడ కోచ్ మళ్లీ ట్రపట్టోనియే. 2001లో ఇటలీ కప్ గెలిచిన ఆ క్లబ్ మరుసటి ఏడాదే దివాలా తీసి నాలుగో అంచెకు పడిపోయింది. టొరిచెల్లి బార్సిలోనాలోని ఎస్పాన్యోల్‌కు వెళ్లి, తిరిగొచ్చి అరెత్సోకు ఆడి, 2005లో బూట్లు విప్పాడు.

ఆ తర్వాతి అధ్యాయాన్ని చాలామంది రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. ఫియరెంటినా పిల్లల జట్లతో శిక్షణ మొదలుపెట్టి, 2009లో మూడో అంచెలోని పిస్తోయియెజే పగ్గాలు అందుకున్నాడు. పిస్తోయియా మొక్కల నర్సరీలకు పేరున్న ఊరు. ఆ జిల్లాలోనే కొల్లోది అనే కొండపల్లె ఉంది. పినోకియో రచయిత కార్లో లొరెంజీని తన తల్లి పుట్టిన ఆ పల్లె పేరునే కలంపేరు చేసుకున్నాడు. అలా జెప్పెట్టో కోచ్‌గా మొదటి పెద్దల జట్టును అందుకున్నది పినోకియో సొంతగడ్డ మీద. ఎవరో కల్పించి రాసినట్టుంది గానీ నిజమే.

అక్కడ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. ఆ వేసవిలోనే డబ్బు చిక్కులతో పిస్తోయియెజే ప్రొఫెషనల్ లీగ్‌లకు దూరమైంది. టొరిచెల్లి ఫిగ్లీనెకు వెళ్లాడు. ఫ్లోరెన్స్‌కు ఎగువన ఆర్నో నది ఒడ్డునున్న చిన్న పట్నం అది. ఆ జట్టులో ఎన్రికో కియేజా ఆడుతున్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు. ఫియరెంటినాలో కలిసి ఆడి, ప్రపంచకప్ జట్టులో కలిసి ఉన్నవాళ్లు, ఇప్పుడు ఒకరు బెంచీ దగ్గర, ఒకరు మైదానంలో. 2010 వేసవిలో ఫిగ్లీనె కూడా లీగ్‌లో పేరు నమోదు చేసుకోలేకపోయింది. కింది అంచెల్లో కోచ్ పని అంటే ఇదే. జట్టును ఎంత శ్రద్ధగా తీర్చిదిద్దినా, క్లబ్ ఖజానాలో ఏముందో కోచ్ చేతిలో ఉండదు. టొరిచెల్లిని ఆ క్లబ్‌ల పతనంతో కొలవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అదే ఏడాది అతని భార్య లుకేమియాతో కన్నుమూసింది. ముగ్గురు పిల్లలు. శిక్షణ అంటే వారం వారం ఊళ్లు తిరగడం, ఏటా ఊరు మారడం. టొరిచెల్లి ఆ పని వదిలేసి పిల్లల దగ్గరే ఉండిపోయాడు. తర్వాత ఆల్ప్స్ కొండల్లోని అవోస్తా లోయలో లిలియాన్ అనే చిన్న పల్లెకు చేరాడు. అక్కడ మళ్లీ ఉలి పట్టాడు.