సియోల్ 1988: ఆ 0.13 సెకను ఎక్కడి నుంచి వచ్చింది?

1988 సెప్టెంబర్ 24న సియోల్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ఫైనల్ జరిగింది. జపాన్‌కు చెందిన డైచి సుజుకి 55.05 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్ 55.18 సెకన్లతో రజతం, సోవియట్ యూనియన్‌కు చెందిన ఇగోర్ పొలియాన్‌స్కీ 55.20 సెకన్లతో కాంస్యం అందుకున్నారు. మొదటి ఇద్దరి మధ్య తేడా 0.13 సెకను. ఆ వేగంలో అది నీటి మీద సుమారు 24 సెంటీమీటర్ల దూరం, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ.

ఈ విజయానికి జపాన్‌లో ఒక వివరణ స్థిరపడిపోయింది. సుజుకి హీట్స్‌లో నీటి అడుగున 21 తన్నులతో 25 మీటర్లు వెళ్లాడని, ఫైనల్లో ఆ తన్నులను 27కు పెంచి 30 మీటర్ల దాకా వెళ్లాడని, ఆ అదనపు 5 మీటర్లే స్వర్ణం తెచ్చిపెట్టాయని చెబుతారు. దొరికే ఆధారాలు ఈ వివరణను ఎంతవరకు బలపరుస్తాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

వెల్లకిలా ఈదే పోటీలో నీటి అడుగున చేతులు తల మీదుగా చాచి, రెండు కాళ్లూ జోడించి, నడుము నుంచి తన్నుతూ సాగడాన్ని డాల్ఫిన్ కిక్ అంటారు. జపాన్‌లో దీన్ని వసాల్లో కిక్ అని పిలుస్తారు. ప్యూర్టో రికోలో పుట్టి అమెరికా తరఫున పోటీపడిన జెస్సీ వసాల్లో 1978లో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ప్రపంచ చాంపియన్. ఆ పేరు ఆయన నుంచి వచ్చిందే.

ఈ పద్ధతిని పతాక స్థాయికి తీసుకెళ్లింది హార్వర్డ్ విద్యార్థి బెర్కాఫ్. 50 మీటర్ల కొలనులో మొదటి నిడివిలో సగానికి పైగా, దాదాపు 35 మీటర్లు, నీటి అడుగునే వెళ్లేవాడు. 1988 జులైలో పొలియాన్‌స్కీ నెలకొల్పిన 55.00 సెకన్ల ప్రపంచ రికార్డును అదే ఏడాది ఆగస్టులో అమెరికా ఎంపిక పోటీల్లో బద్దలు కొట్టి 55 సెకన్ల లోపుకు దిగాడు. సియోల్ హీట్స్‌లో 54.51తో దాన్ని మరోసారి మెరుగుపరిచాడు.

హీట్స్, ఫైనల్: అంకెలు చెప్పేది

హీట్స్‌లో సుజుకి సమయం 55.90, బెర్కాఫ్‌కు 1.39 సెకన్లు వెనుక. ఫైనల్లో సుజుకి 0.85 సెకను మెరుగుపడ్డాడు. బెర్కాఫ్ 0.67 సెకను వెనకబడ్డాడు. అంటే 1.39 సెకన్ల లోటు 0.13 సెకను ఆధిక్యంగా మారడంలో ఇద్దరికీ వాటా ఉంది. బెర్కాఫ్ తన హీట్స్ సమయాన్నే మళ్లీ ఈది ఉంటే సుజుకి 55.05 రజతానికి పరిమితమయ్యేది. కాబట్టి ఈ ఫలితాన్ని ఒక్క సుజుకి వ్యూహంతో వివరించడం మొదటి మెట్టులోనే అసంపూర్ణం.

ఇక అదనపు 5 మీటర్ల సంగతి. నీటి మీద బ్యాక్‌స్ట్రోక్ వేగం సెకనుకు 1.7 మీటర్లు అనుకుందాం. దూకినప్పుడు, గోడను తన్ని మలుపు తీసుకున్నప్పుడు వచ్చే వేగాన్ని మినహాయిస్తే, 55.90 సెకన్ల ఈతకు ఇది సబబైన ఊహే. ఆ లెక్కన 5 మీటర్లకు 2.94 సెకన్లు పడుతుంది. అదే దూరాన్ని నీటి అడుగున సెకనుకు 2 మీటర్ల వేగంతో దాటితే 2.5 సెకన్లు చాలు. మిగిలేది 0.44 సెకను. ఇంత ఉదారంగా లెక్కించినా సుజుకి మెరుగుదలలో ఇది సగమే. మిగతా సగం మలుపులోనో, చివరి 50 మీటర్లలోనో, హీట్స్‌లో దాచుకున్న శక్తిలోనో వెతకాలి.

అయితే ప్రశ్నను కాస్త మార్చి అడగాలి. 0.85 సెకనును వివరించలేకపోయినా, 0.13 సెకనును వివరించగలదా? ఆ 5 మీటర్లలో 0.13 సెకను మిగలాలంటే నీటి అడుగున వేగం సెకనుకు 1.78 మీటర్లు ఉంటే సరిపోతుంది. నీటి మీద వేగం కంటే అది 0.08 మీటర్లు మాత్రమే ఎక్కువ. అంటే ఆరు తన్నులు పతకం రంగును మార్చగలవనడం అతిశయోక్తి కాదు. కానీ ఊపిరి బిగబట్టిన మూల్యం చివరి 50 మీటర్లలో చెల్లించాల్సి వస్తుంది. ఆ ఖర్చును ఈ లెక్కలో కలపలేదు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. అధికారిక ఫలితాల పట్టికలో ఉండేది సమయమే. తన్నుల సంఖ్య, నీటి అడుగున దూరం వంటివి కథనాల ద్వారా మనకు చేరినవి. సెకనులో వందో వంతు వరకు కొలిచిన సమయాన్నీ, గుండుగుత్తగా చెప్పిన దూరాన్నీ ఒకే త్రాసులో తూచకూడదు.

నీటి అడుగున వేగం ఎందుకు?

ఇక్కడ ఆధారం గట్టిది. ఈతగాడు ఉపరితలం మీద సాగేటప్పుడు పడవ ముందు లేచినట్టే అల లేస్తుంది. ఆ అలను లేపడానికి అయ్యే శక్తి ఈతగాడిదే. 2006లో న్యూజిలాండ్ పరిశోధకులు మనిషి ఆకారపు బొమ్మను ప్రవాహపు తొట్టెలో ఉంచి, వేర్వేరు లోతుల్లో, వేర్వేరు వేగాల్లో నిరోధాన్ని కొలిచారు. పోటీ వేగాల్లో ఉపరితలం దగ్గర ఎదురయ్యే నిరోధంలో సగానికి పైగా అలల వల్లనే వస్తుందని, దాదాపు అర మీటరు నుంచి 0.7 మీటరు లోతుకు వెళితే అది చాలావరకు తగ్గిపోతుందని తేలింది. బొమ్మ తన్నదు, అలసిపోదు. కాబట్టి ఈ ప్రయోగం నీటి అడుగున నిరోధం తక్కువని రుజువు చేస్తుందే తప్ప, ఫలానా ఈతగాడు ఎన్ని మీటర్ల తర్వాత పైకి రావాలో చెప్పదు. ఆ కొలత ప్రతి ఈతగాడి కాళ్ల బలాన్నీ ఊపిరినీ బట్టి మారుతుంది.

నియమం మారాక

సియోల్ పోటీలు ముగిసిన కొద్దికాలానికే అంతర్జాతీయ ఈత సమాఖ్య నీటి అడుగున దూరాన్ని 10 మీటర్లకు కుదించింది. 1991లో దాన్ని 15 మీటర్లకు సడలించింది. నేటికీ 15 మీటర్ల గీత దగ్గరికి తల నీటిపైకి రావాలి.

ఈ పరిమితి ఈతను నెమ్మదింపజేసిందా? రికార్డులు చూస్తే అలా అనిపించదు. 1991లో అమెరికాకు చెందిన జెఫ్ రౌస్ 53.93 నమోదు చేశాడు. 1992 బార్సిలోనాలో కెనడాకు చెందిన మార్క్ ట్యూక్స్‌బరీ 53.98తో స్వర్ణం గెలిచాడు. సుజుకి సమయం కంటే ఇది 1.07 సెకన్లు మెరుగు. అయితే మలుపు దగ్గర గోడను చేత్తో తాకాలన్న నిబంధననూ 1991లోనే తొలగించారు. ఒక మార్పు కట్టడి చేసింది, మరొకటి వెసులుబాటు ఇచ్చింది. రెండూ దాదాపు ఒకేసారి వచ్చాయి గనుక వాటి ప్రభావాలను విడదీయడం కష్టం.

ఒకే ఈతగాడిని రెండు నియమాల కింద చూస్తే? బెర్కాఫ్ 1988లో 54.51 ఈదాడు. 1992లో 54.78తో కాంస్యం పొందాడు. తేడా 0.27 సెకను. ఇది పరిమితి ప్రభావమనిపించవచ్చు. కానీ మధ్యలో నాలుగేళ్ల వయసు గడిచింది, మలుపు నిబంధన మారింది. ఒక్క మనిషి రెండు సమయాల మీద సిద్ధాంతం కట్టలేం.

తర్వాతి కాలపు రికార్డులను సియోల్‌తో పోల్చేటప్పుడు ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. 2008, 2009 నాటి ప్రత్యేక స్విమ్‌సూట్‌లు, రియోలో తొలిసారి ఒలింపిక్స్‌కు వచ్చిన బ్యాక్‌స్ట్రోక్ స్టార్ట్ పట్టీ వంటివి సమయాలను ప్రభావితం చేశాయి. 2022లో బుడాపెస్ట్‌లో ఇటలీకి చెందిన థామస్ చెక్కాన్ 51.60తో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మన దేశానికి చెందిన శ్రీహరి నటరాజ్ టోక్యో ఒలింపిక్స్‌లో 54.31 ఈదాడు. 1988లో స్వర్ణం తెచ్చే ఆ సమయం టోక్యోలో సెమీఫైనల్‌కు కూడా చాలలేదు. మారిందేమిటో అంకెలు చూపిస్తాయి, ఎందుకు మారిందో అవి మాత్రమే చెప్పలేవు.

ముగింపు

నీటి అడుగున సాగితే నిరోధం తక్కువన్నది ప్రయోగాలతో నిలబడిన విషయం. అదనపు 5 మీటర్లు 0.13 సెకను ఆధిక్యాన్ని ఇవ్వగలవన్నది సాధ్యమైన, సమంజసమైన అనుమానం. కానీ సుజుకి మొత్తం మెరుగుదలకు అదొక్కటే కారణమన్న మాట లెక్కకు నిలవదు. బెర్కాఫ్ కోల్పోయిన 0.67 సెకనును పక్కన పెట్టిన ఏ వివరణా సంపూర్ణం కాదు. సియోల్ స్వర్ణానికి ఆరు తన్నులు ఒక కారణం కావచ్చు, ఏకైక కారణం మాత్రం కావు.