చిన్నవారు మెచ్చిన నవలలు

పిల్లలు ఏ నవలలు చదువవలెనో నిర్ణయింపవలసినవారెవరు? నవల మన దేశమున అడుగుపెట్టిన నాటినుండియు ఈ ప్రశ్న ఉన్నది. తండ్రులు ఆ అధికారము తమదనిరి. ఉపాధ్యాయులు తమదనిరి. ప్రభుత్వములు బహుమానములు ప్రకటించి తమ అభిమతమును తెలిపెను. కాని ఉత్తర భారతమున హిందీ, ఉర్దూ నవలల చరిత్రను కొంచెము నిదానముగా పరిశీలించినచో, వీరందరికంటె వేఱైన నిర్ణేత యొకడు కనబడును. అతడు బడిలో చదువుకొను పిల్లవాడు. తాను చదివి మెచ్చిన పుస్తకమును ప్రక్కవాని చేతిలో పెట్టి, ఇది చదువుమని చెప్పిన ఆ బాలుని మాట ఏ గెజెట్టులోను అచ్చుపడలేదు. అయినను ఆ రెండు భాషలలో నవలకు పాఠకలోకమును కూర్చిపెట్టిన శక్తులలో ఆ మాటకు గొప్ప స్థానము కలదు.

1868వ సంవత్సరము ఆగస్టు నెలలో, నేటి ఉత్తర ప్రదేశములో అధిక భాగమునకు నాడు వాయవ్య రాష్ట్రములని పేరుగల కాలమున, అలహాబాదునుండి ఒక ప్రభుత్వ ప్రకటన వెలువడెను. దేశభాషలలో ఉపయోగకరములైన గ్రంథములు వ్రాసినవారికి బహుమానము లిత్తుమని దాని సారాంశము. గ్రంథము గద్యమైనను, పద్యమైనను కావచ్చును. నీతికి భంగము కలిగింపరాదు. స్త్రీలు చదువదగినదైనచో మఱింత ఆదరణ పొందును. అప్పటి లెఫ్టినెంటు గవర్నరు సర్ విలియం మ్యూర్. విద్యాశాఖకు డైరెక్టరు కెంప్సన్. 1857 నాటి తిరుగుబాటు అణగి నిండా పండ్రెండేండ్లు కాలేదు. ఢిల్లీలోని పాత కుటుంబములు చితికిపోయి, తమ బిడ్డలు ఏమి చదివి ఎట్లు బ్రతుకగలరా యని చింతించుచుండిన దినములవి.

ఆ దినములలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేయుచుండిన నజీర్ అహ్మద్‌కు ఈ చింత సొంత యింటిలోనే కలిగెను. ఆయన పూర్వము ఢిల్లీ కళాశాలలో చదివినవాడు. తన పిల్లల చేతికి ఈయదగిన పుస్తకము ఆయనకు కానరాలేదు. మతగ్రంథములు వారికి కొఱుకుడు పడవు. ప్రచారములోనున్న కథలు తండ్రికి నచ్చవు. అందుచే తానే వ్రాయ మొదలిడెను. పెద్దకూతురికి 'మిరాత్ ఉల్ ఉరూస్', అనగా పెండ్లికూతురి యద్దము; కుమారుడు బషీర్‌కు 'చంద్ పంద్', అనగా కొన్ని హితవాక్యములు. ప్రతిదినము కొన్ని పుటలు వ్రాసి యిచ్చుటయు, పిల్లలు వానిని చదివి తరువాతి భాగమేదియని తండ్రిని తొందరపెట్టుటయు ఆ యింట నిత్యకృత్యమయ్యెను. గారాబముచే చెడిన అక్బరీ, తెలివితో సంసారమును నిలిపిన అస్గరీ యను అక్కచెల్లెండ్ర కథ అట్లు పెరిగినది. ఇరుగుపొరుగు ఆడుపిల్లలును దానిని చెవియొగ్గి వినిరి.

ఆ వ్రాతప్రతి ప్రభుత్వమువారి కంటబడిన విధమును గూర్చి నజీర్ అహ్మద్ జీవితచరిత్రలో ఒక ముచ్చట కలదు. కెంప్సన్ దొర పర్యటనకు వచ్చి గుడారములు వేసికొనియుండెను. బాలుడైన బషీర్ తన చిన్న గుఱ్ఱముపై ఆ వైపునకు పోయి దొర కంటబడెను. ఏమి చదువుచున్నావని దొర యడిగెను. బాలుడు తన పుస్తకము పేరు చెప్పెను. అట్టి పేరుగల పుస్తకమును దొర యెన్నడును వినియుండలేదు. చూపుమని కోరగా బాలుడు ఇంటికి పోయి, తనదానితోపాటు అక్క చదువుకొను పుస్తకమును గూడ తెచ్చి యిచ్చెను. 1869లో 'మిరాత్ ఉల్ ఉరూస్' అచ్చయ్యెను. దానికి వేయి రూపాయల బహుమానము లభించెను. ప్రభుత్వము రెండువేల ప్రతులను కొనెను.

సాహిత్యచరిత్రలలో ఈ గ్రంథము ప్రభుత్వ బహుమానము పొందిన నవలగా పేర్కొనబడుచున్నది. అది నిజమే. కాని వరుస క్రమమును గమనింపవలెను. బహుమానమునకు ముందు ఒక బాలిక ఆ కథను మెచ్చెను. పొరుగు పిల్లలు మెచ్చిరి. ఒక బాలుడు దానిని కొనిపోయి అధికారి చేతికిచ్చెను. ప్రభుత్వము చివరకు వచ్చి, పిల్లలు అప్పటికే చేసిన నిర్ణయముపై ముద్రవేసెను.

పెద్దల నిర్ణయము ఒంటరిగా నిలిచినప్పుడు ఏమగునో అదే నజీర్ అహ్మద్ రచించిన మఱియొక నవలలో చూడవచ్చును. 1874లో వెలువడిన 'తౌబత్ ఉన్ నసూహ్'కును ప్రభుత్వ బహుమానము లభించినది. ఢిల్లీలో కలరా వ్యాపించును. నసూహ్ అను గృహస్థు మరణముఖమునుండి బయటపడి, తన గతజీవితమునకు పశ్చాత్తప్తుడై, కుటుంబమునంతటిని ధర్మమార్గమునకు త్రిప్పదలచును. చిన్నవారు లొంగుదురు. పెద్దకుమారుడు కలీమ్ లొంగడు. అతడు కవి, చదరంగపు టాటగాడు, పుస్తకప్రియుడు. అతడు ఇల్లు విడిచిన పిమ్మట తండ్రి అతని గది తెఱిపించి, అందమైన అట్టలతో వరుసగా పేర్చియున్న కావ్యములను, కథలను బయటకు తీయించి నిప్పుపెట్టించును. గ్రంథకర్త ఉద్దేశమున ఇది పుణ్యకార్యము. కాని ఆయన కలము ఆ గదిని, ఆ పుస్తకములను ఎంత మక్కువతో వర్ణించినదనగా, నేటి పాఠకుని మనస్సు తండ్రి పక్షమున నిలువదు. మంటలలో కాలుచున్న పుస్తకముల చెంతనే నిలిచిపోవును. చిన్నవారి యభిరుచిని అగ్నికి ఆహుతి చేసినను అది సమసిపోదని ఆ ఘట్టము తెలియకయే సాక్ష్యమిచ్చుచున్నది.

అది సమసిపోలేదనుటకు రుజువు పదునాలుగేండ్లకు కాశీనగరమున కనబడెను. 1888లో దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత' నవలను ప్రకటింప మొదలిడెను. ఈయన 1861లో ముజఫర్‌పూర్ ప్రాంతమున జన్మించినవాడు. పండితుడు కాడు, ఉపాధ్యాయుడు కాడు. కాశీరాజుగారి అధీనమునందలి చకియా, నౌగఢ్ అడవులను గుత్తకు తీసికొని కలపవ్యాపారము చేసినవాడు. ఆ అడవులలోని పాడుపడిన కోటలు, గుహలు, సెలయేళ్లు ఆయన మనస్సున కథలుగా మాఱినవి. నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు, విజయగఢ్ రాకుమారి చంద్రకాంత. వారిని ఎడబాపజూచు క్రూరసింహుడు. నిమిషములో వేషము మార్చి, మత్తుమందు వాసన చూపి శత్రువును మూటగట్టుకొనిపోగల ఐయారులు. తలుపు వెనుక తలుపు తెఱచుకొను మాయాకట్టడము తిలిస్మము - ఇదియే ఆ లోకము. కాశీమజిలీ కథల రుచి తెలిసిన తెలుగు పాఠకునకు దీని యాకర్షణమును వేఱుగ వివరింపనక్కఱలేదు.

ఈ కథకు బహుమానమిచ్చిన ప్రభుత్వము లేదు. చదువుమని చెప్పిన ఉపాధ్యాయుడును అరుదే. పాఠ్యపుస్తకము క్రింద దాచిపెట్టి చదివినవారు, రాత్రి దీపమువద్ద గుంపుగా కూర్చుండి ఒకరు చదువగా విన్నవారు, ఒక భాగము ముగియగనే రెండవ భాగమునకై మిత్రుని యింటికి పరుగెత్తినవారు - వీరే దానికి ప్రచారకులు. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ ప్రాంతపు న్యాయస్థానములలో అప్పటికి ఉర్దూకే చెలామణి. నాగరి లిపికి అక్కడ ప్రవేశము 1900లో గాని లభింపలేదు. ఉద్యోగము కోరు కుటుంబములలోని బాలురు ఉర్దూ, ఫారసీలు నేర్చుచుండిరి. వారికి నాగరి లిపి నేర్వవలసిన లౌకికావసరము అంతగా లేదు. అయినను చంద్రకాంతను చదువుటకై నాగరి అక్షరములు దిద్దినవారు ఎందరో కలరు. చట్టము చేయని పనిని ఒక కథ చేసెను. పాఠకుల కోరిక తీఱక ఖత్రీ 'చంద్రకాంతా సంతతి'ని ఇరువదినాలుగు భాగములుగా పెంచెను. 1898లో లహరీ ప్రెస్ అను సొంత ముద్రణాలయమును నెలకొల్పెను.

ఆ కాశీలోనే, ఆ సంవత్సరములలోనే మఱియొక కార్యము జరిగెను. 1893లో క్వీన్స్ కళాశాలకు చెందిన పాఠశాలలో చదువుకొనుచుండిన ముగ్గురు విద్యార్థులు - శ్యామసుందరదాస్, రామనారాయణ మిశ్ర, శివకుమార్ సింహ్ - కలసి నాగరీ ప్రచారిణీ సభను స్థాపించిరి. హిందీభాషకు మహానిఘంటువును సమకూర్చి, మఱుగునపడిన వ్రాతప్రతులను వెదకి వెలికిదీసిన ఆ మహాసంస్థ తొలుత బడిపిల్లల గోష్ఠియే. ఒకవంక పిల్లలు నాగరిలో నవల చదువుచుండిరి. మఱియొకవంక పిల్లలే నాగరికి సభ కట్టుచుండిరి. ఈ రెండు పనులకును ప్రేరణ పెద్దల యాజ్ఞ కాదు.

ఆ సభ ప్రకటించిన 'హిందీ శబ్దసాగర్' అను నిఘంటువునకు పీఠికగా పుట్టి, 1929లో గ్రంథరూపము దాల్చిన తన హిందీ సాహిత్యచరిత్రలో ఆచార్య రామచంద్ర శుక్ల ఖత్రీని గూర్చి తీర్పు చెప్పెను. ఆ తీర్పున రెండు భాగములు కలవు. ఈ నవలలలో రసము, భావము, శీలచిత్రణము లేవు గనుక ఇవి ఉత్తమ సాహిత్యకోటిలో చేరవనుట మొదటిది. అంతమంది పాఠకులను సృష్టించిన గ్రంథకర్త మఱియొకడు లేడు గనుక ఆయనను సాహిత్యచరిత్ర మఱువరాదనుట రెండవది. పెద్దవాడైన విమర్శకుడు తన ప్రమాణమును విడువలేదు. చిన్నవారు చేసిన పనిని కాదనలేదు. న్యాయమైన తీర్పు ఇట్లే యుండవలెను.

అయితే చిన్నవారి యభిరుచి ఎన్నడును పొరపడదా? పొరపడును. ఆ కాలమున ఆంగ్ల రచయిత రేనాల్డ్స్ నవలలకు ఉర్దూ అనువాదములు తండోపతండములుగా వెలువడెను. యువకులు వాటిని ఎగబడి చదివిరి. నేడు వాని నడుగువారు లేరు. ఈ మంచిచెడ్డలు రెండును ఒక్క బాలుని జీవితమున కలసి కనబడుచున్నవి.

ఆ బాలుని పేరు ధనపత్ రాయ్. 1880లో కాశీకి సమీపమున లమహీ గ్రామమున జన్మించెను. తండ్రి తపాలా గుమాస్తా. తండ్రికి గోరఖ్‌పూర్ బదిలీకాగా, కుమారుడు అచటి మిషన్ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వయస్సు పదుమూడు. అప్పటి కతనికి హిందీ రాదు. ఉర్దూ నవలలనిన పిచ్చి. షరర్ చారిత్రక నవలలు, సర్షార్ హాస్యము, రేనాల్డ్స్ అనువాదములు, నవలకిశోర్ ముద్రణాలయమువారు 1883 మొదలు 1893 వఱకు సంపుటములుగా ప్రకటించిన 'తిలిస్మ్ ఎ హోష్‌రుబా' - దొరకినదెల్ల చదివెను. కొనుటకు డబ్బు లేదు. రేతీ యను చోట బుద్ధిలాల్ అను పుస్తకవ్యాపారి దుకాణము కలదు. బాలుడు అచట కూర్చుండి చదువుచుండెను. దినమంతయు కూర్చుండుట సాధ్యము కాదు గదా! అందుచే ఒక యొప్పందము కుదిరెను. దుకాణములోని ఇంగ్లీషు వాచకముల నోట్సులను బడికి తీసికొనిపోయి తోటి విద్యార్థులకు అమ్మిపెట్టును. అందుకు ప్రతిఫలముగా నవలలను ఇంటికి తెచ్చుకొని చదివి తిరిగి ఇచ్చును. రెండు మూడేండ్లలో వందలకొలది నవలలు అట్లు ముగిసెను. పరీక్షకు పనికివచ్చు పుస్తకములను అమ్మి, పరీక్షకు పనికిరాని పుస్తకములను సంపాదించిన ఈ బాలుడే పిమ్మట ప్రేమ్‌చంద్ అయ్యెను.

ఇంటిలో ఆయనకు వరుసకు మేనమామ యగు ఒకాయన నవలలు చదువుట చూచి కోపించుచు, తండ్రితో చెప్పెదనని బెదరించుచుండెను. బాలుడు ఆ మేనమామ గుట్టునే ఒక హాస్యనాటకముగా వ్రాసి ఆయన తలగడ చెంత నుంచి బడికి పోయెను. తిరిగి వచ్చునప్పటికి మేనమామ లేడు, నాటకమును లేదు. అదియే తన మొదటి రచనయని పెద్దవాడైన పిమ్మట ప్రేమ్‌చంద్ చెప్పుకొనెను. నిషేధమును ఎదిరించిన ఆ చదువే చేతికి కలము నిచ్చినది.

కాలము గడచెను. 1936 ఏప్రిల్‌లో లక్నో నగరమున అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు ప్రేమ్‌చంద్ అధ్యక్షత వహించెను. సాహిత్య ప్రయోజనమును గూర్చి ప్రసంగించుచు, పూర్వపు రచయితలు కల్పనాలోకమును నిర్మించి అందు మనసువచ్చిన తిలిస్మములు కట్టుచుండిరనియు, వాని లక్ష్యము వినోదమేగాని జీవితము కాదనియు చెప్పెను. ఆ సందర్భమున 'చంద్రకాంతా సంతతి'ని పేరెత్తి పేర్కొనెను. గోరఖ్‌పూర్‌లో తిలిస్మపు కథలను తినుచు పెరిగిన బాలుడే అర్ధశతాబ్ది వయస్సు దాటిన పిమ్మట వానికి తీర్పరి యయ్యెను.

దీనిని కృతఘ్నత యనరాదు. నసూహ్ కుమారుని గదిలో ప్రవేశించినది ఆ పుస్తకములు లేకుండ చేయుటకు. ప్రేమ్‌చంద్ విమర్శించినది వానిని దాటి నడచిన పిమ్మట. పైగా ఆయన చిన్ననాటి యిష్టములన్నిటిని త్రోసివేయలేదు. ఆనాడు తన్ను నవ్వించిన సర్షార్ బృహన్నవల 'ఫసానా ఎ ఆజాద్'ను తానే సంక్షేపించి, 'ఆజాద్ కథా' యను పేర హిందీలోనికి తెచ్చెను. బాలుడుగా మెచ్చినదానిని రచయితగా వడపోసి, వేఱొక భాషలోని పాఠకుల చేతిలో పెట్టెను. చదివి మెచ్చినది ప్రక్కవానికిచ్చు బడిపిల్లవాని పనియే ఇదియును. అనువాదమనునది చాలవరకు అదియే.

చిన్నవారికై ఆయన స్వయముగ వ్రాసినప్పుడును ఈ మర్మమును మఱువలేదు. 1936లో వెలువడిన 'కుత్తే కీ కహానీ'లో కుక్కయే తన కథ చెప్పుకొనును. నీతిపాఠము కథకు ముందు నడువదు. 1933 నాటి 'ఈద్‌గాహ్'లో మూడు పైసలతో సంతకు పోయిన హామిద్, రొట్టెలు కాల్చునప్పుడు చేతులు కాల్చుకొను అవ్వకై పట్టకారు కొనును. తోటి పిల్లలు రంగుల బొమ్మలు కొని అతనిని పరిహసింతురు. హామిద్ తన పట్టకారు ఘనతను ఎంత నేర్పుతో వర్ణించుననగా, కొంతసేపటికి పిల్లలందఱు తమ బొమ్మలనిచ్చి దానిని చేతబట్టి చూడగోరుదురు. అచట పెద్దవారెవ్వరును లేరు. ఒక బాలుడు తనకు విలువైనదానిని మిగిలిన బాలురకు విలువైనదిగా చేసెను.

చిన్నవారికి నవలలు నిర్ణయించు పెద్దలు ఈ దృశ్యమును మనస్సున నిలుపుకొనుట మంచిది. పట్టికలు వేయవచ్చును, బహుమానములీయవచ్చును, విమర్శింపనువచ్చును. కాని పుస్తకము బ్రతుకుట ఒక బాలుడు దానిని మఱియొక బాలుని చేతిలో పెట్టినప్పుడే. బషీర్ తెచ్చి యిచ్చిన అక్క పుస్తకమును కెంప్సన్ చదివెను గనుకనే ఉర్దూభాషకు ఒక నవల దక్కెను. పిల్లలు తెచ్చి చూపినదానిని చేయిచాచి అందుకొని చదువుట పెద్దల మొదటి కర్తవ్యము. తీర్పు చెప్పుట ఆ పిమ్మటి మాట.